బొమ్మ పడితే ఫ్యాన్ గది

రూపాయి బిళ్ళ అరవై సార్లు ఎగరేశాను.
బొమ్మ పడితే ఫ్యాన్ గది,
బొరుసు పడితే ఉక్క గది.
ముప్ఫై ఒకరు అటు, ఇరవై తొమ్మిది మంది ఇటు.
గుంటూరు మిర్చి యార్డు వెనక రెండు అద్దె గదులు,
ఏప్రిల్, మధ్యాహ్నం రెండు.
నా ప్రశ్న చాలా చిన్నది:
చల్లగా ఉంటే మనిషికి మాటలు ఎక్కువ గుర్తుంటాయా?

ఫ్యాన్ గాలి స్వతంత్ర చరరాశి.
పేరుకే స్వతంత్రం, స్విచ్చి నా చేతిలో ఉంది.
గుర్తున్న మాటల లెక్క పరతంత్ర చరరాశి.
దాని మీదే నాకే అధికారమూ లేదు.
ఎవరో పేర్లు తిరగేసి పెట్టారు.

మిగతావన్నీ సమానం చేశాననుకున్నాను.
అవే ఇరవై మాటలు,
సెల్లులో రికార్డు చేసిన నా గొంతే రెండు గదుల్లోనూ,
అందరికీ ఒకే కొలత మజ్జిగ.
అందరూ తొడిమలు తీసే ఆడవాళ్ళే,
అందరి వేళ్ళదీ ఒకే ఎరుపు.
గోళ్ళ కింద మంట కొలవలేదు.

ఫలితం తలకిందులైంది.
ఉక్కలో సగటు పదకొండు, ఫ్యాన్ కింద ఏడు.
చల్లదనం మతిమరుపు తెస్తుందని రాయబోతూ
ఆ గదిలో కూర్చున్న సుభానీని అడిగాను.
"మతిమరుపు కాదు మేడం,
మీ గొంతు 'నాగలి' దాకా వచ్చేసరికి
సగం మంది గోడకి చేరగిలబడి నిద్రపోయారు.
లేపబుద్ధి కాలేదు."

నాలుగింటికి లేచినవాళ్ళ నిద్ర
నా పట్టికలో ఏ గడిలోనూ లేదు.
మధ్యలో ఇలా దూరేదాన్ని
పుస్తకం జోక్య చరరాశి అంటుంది.
జోక్యం ఎవరిదో!
వాళ్ళ పనిరోజులోకి దూరింది నేను కదా.

పేరు రాయకూడదు కాబట్టి, పదిహేడో నంబరు.
ఉక్క గదిలో కూర్చుని
ఇరవైకి పంతొమ్మిది గడగడా అప్పజెప్పింది.
ఎలాగమ్మా అంటే కణత మీద వేలు పెట్టి,
"రాసుకోడం రాదుగా, ఎవరికెంత బాకీయో అన్నీ ఇక్కడే.
మీ మాటలు ఒక్కోటీ ఒక్కో బాకీ దగ్గర పెట్టుకున్నా.
నాగలి పాలాయన దగ్గర,
దువ్వెన చీటీల వసుంధర దగ్గర..."
మరి ఆ ఇరవయ్యోది?
"అది తీరిపోయిన బాకీ దగ్గర పెట్టా. పోయింది."

గైడుగారు ఆ వరస మీద ఎర్ర గీత గీశారు.
"మిగతావాటికి దూరంగా ఉంది, తీసేయ్."
తొడిమ తీసినంత తేలిగ్గా.
నేనింకా తీయలేదు.
ఉంచితే ఏం రాయాలో కూడా తెలియలేదు.

వెళ్తూ వెళ్తూ ఆమె అంది,
"ఈసారి బిళ్ళ నేనెగరేస్తా.
నాకెప్పుడూ బొరుసే."

ఈ రాత్రి బ్రాడీపేటలో నా గది.
అంగీకార పత్రాల కట్ట విప్పాను.
అరవై వేలిముద్రలు.
పదో కాగితానికి మొదలైన తుమ్ము ఆగలేదు.
గాలికి ఘాటు లేస్తోందని
ఫ్యాన్ కట్టేసి,
చెమట కాగితాల మీద పడకుండా వెనక్కి జరిగి,
మళ్ళీ ఒకటి నుంచి
లెక్కపెడుతున్నాను.