రెండు కత్తులు, ఒక డబ్బా

న్యూపోర్ట్‌లో నవంబరు. నాలుగింటికే చీకటి.
అఖాతం మీద వంతెన దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.
ఆట ముగిసింది. అధికారులు టోపీలు సర్దుకుని
వేడి సూపు కోసం రేవు వైపు వెళ్ళిపోయారు.
గదిలో సముద్రం ఒక్కటే మిగిలింది:
పన్నెండు బల్లలు కలిపి పరిచిన నీలి కాగితం,
మీద బొటనవేలంత చెక్క ఓడలు.
కాఫీ కప్పు అడుగు గుండ్రంగా ముద్ర పడినచోట
మధ్యాహ్నం ఒక ద్వీపం పోయింది.

బోర్డు మీద ఇంకా నా చేతిరాత:
రాజ్యాలకు పైన రాజు లేడు.
ఎదుటివాడి మనసు కనపడదు, ఓడలు కనపడతాయి.
కాబట్టి ఓడలు లెక్కపెట్టు.
పందొమ్మిదేళ్ళుగా ఇదే రాస్తున్నాను, ఇదే చెరుపుతున్నాను.
మా భాషలో ఒక్క మాట చాలు దీనికి, మత్స్యన్యాయమని.
నాకు మాత్రం నలభై గంటల పాఠం పట్టింది.

డియోలిండా ఫుర్తాదో చీపురుతో వచ్చింది.
ఎరుపని చూడదు, నీలమని చూడదు,
దోసిళ్ళతో ఎత్తి
పాత బిస్కట్ల డబ్బాలో పోసేస్తుంది.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
ఇమిడాయి. మూత కూడా పడింది.

"ఎవరు గెలిచారు?"
ఎవరూ లేదు. నాలుగో రోజుకి
లెక్కపెట్టడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.
"ఎవరు మొదలెట్టారు?"
నీలివాళ్ళు భయపడి రెండు ఓడలు జరిపారు.
జరపడం చూసి ఎర్రవాళ్ళు భయపడ్డారు.
కాపలాకే అన్నారు ఇద్దరూ. ఇద్దరూ నిజమే చెప్పారు.

ఆమె చీపురు గోడకి ఆనించింది.
వాళ్ళాయన జొవాకింకీ, పక్క పడవ ఎల్టన్ పెక్కంకీ
లాబ్‌స్టర్ బోనుల దగ్గర ఇరవై మూడేళ్ళు మాటల్లేవట.
ఒకడి తాడు తెగితే తెల్లారేసరికి రెండోవాడిదీ తెగేది.
ఇద్దరి నడుముకీ కత్తి ఉంది గనక
చాలా ఏళ్ళు ఎవరి తాడూ తెగలేదు.
"మంచి ఏళ్ళే అవి, ప్రొఫెసర్. పిల్లల్ని పెంచాం."

తర్వాత ఒక పొగమంచు పొద్దున
పెక్కం పడవ హారన్ ఆగకుండా మోగింది.
వల పన్నాడేమోనని జొవాకిం ఇంజను ఆపి విన్నాడు.
పావుగంట.
"మీ బోర్డు మీద ఉన్నదే చేశాడు."
తప్పని అనలేదు ఆమె. అదే నాకు కష్టమైంది.
ఆ పావుగంటని నా పాఠం పొల్లు పోకుండా చెబుతుంది.
హారన్ ఆగిపోయాక ఏమిటో
అందులో లేదు.

డస్టర్ వెతుకుతున్నాను. హీటరు కిందనుంచి
ఇంకో ఓడ ఊడ్చి తీసింది, రంగంతా పోయింది.
"ఇదెవరిది?"
తెలియదన్నాను. బల్ల మధ్యలో నిలబెట్టి వెళ్ళిపోయింది.
రేపు తొమ్మిదింటికి రెండు వైపులవాళ్ళూ వస్తారు,
అది తమ మీదికే వస్తోందని
ఇద్దరూ లెక్క రాసుకుంటారు.