కుడికాలి చిటికెన వేలు

శనివారం. మాలకొండ రష్షు.
యాభై మంది పట్టే బస్సులో తొంభై మంది,
అందరూ నిలబడితే చాలు, నేను నడవాలి.
వలేటివారిపాలెం దాటేసరికి
ఎవరిదో మడమ నా చిటికెన వేలు మీద దిగింది.
టికెట్ మిషను జారలేదు గానీ
కొండ ఎక్కకముందే మెట్లన్నీ కనబడ్డాయి.

ఆనె.
కందిగింజంత. గాజుపెంకు మెరుపు.
రెండేళ్ళుగా నాతోనే డ్యూటీ,
దానికి వీక్లీ ఆఫ్ లేదు.

జీడిరసం పెట్టమంది మా అత్త వెంగమ్మ.
పెడితే ఆనె పోలేదు, పక్కన తోలు పోయింది.
ఒక రాత్రి బ్లేడు తీసుకుని
పెన్సిలు చెక్కినట్టు చెక్కాను.
చీము పట్టి నాలుగు రోజులు మంచం.
కోసింది వేలిని, కోత పడింది జీతానికి.

కందుకూరు బస్టాండు గేటు పక్కన
చిల్లుల గొడుగు కింద మాల్యాద్రి.
కాలు చాపితే కాలు చూడలేదు.
"బూటు ఇటియ్యమ్మా."
లోపలికి వేళ్ళు పోనిచ్చి
కళ్ళు మూసుకుని తడిమాడు.
"ఇదీ దాని పుట్టిల్లు.
నీ కాలు అత్తిల్లు, అంతే."

డిపోలో ఇచ్చిన ఆరో నంబరు, మగవాళ్ళ అచ్చు.
నాది పొగాకు చేలల్లో ఉత్తకాళ్ళతో తిరిగి
ముందువైపు విచ్చుకున్న పాదం.
సూదిమొన బూటుకి నేనేం చెప్పను?

"ఒరుసుకునే చోట తోలు గట్టిపడద్ది.
పరుచుకుంటే కాయ, అది గోడ.
ఒక్కచోటే ఒత్తుకుంటే లోపలికి దిగద్ది, అది మేకు.
గోడని కూల్చబాక. మేకుని పెరకబాక.
కొట్టే సుత్తిని ఆపు."

తోలు తడిపి, చెక్క అచ్చు బిగించి
రెండు రోజులు ఉంచుకున్నాడు. అరవై రూపాయలు.
"సుగరు గానీ ఉంటే ఆస్పత్రికే పో,
ఇంట్లో ఏదీ గీకబాక" —
ఇది మాత్రం నవ్వకుండా అన్నాడు.

సుగరు లేదంది నర్సు.
ఇక రాత్రిళ్ళు గోరువెచ్చని నీళ్ళు, పావుగంట.
నానిన తోలు మీద రాయి, మెల్లగా,
పూటకో పొర, పొరకో చుక్క కొబ్బరినూనె.
పగలు నడుమ చిల్లున్న మెత్త.
"అమ్మ వేలికి వడ పెట్టుకుంది"
అని మా సుధ వీధంతా చాటింది.

ఏడో వారం తువ్వాలు మీద
ఒక గింజ రాలింది.
ఇంతదా నన్ను పామూరు దాకా ఏడిపించింది!
దాని కింద లేత గులాబీ తోలు,
ఇంకా ఎవరూ తొక్కని చోటు.

మడమల కింద కాయలు అట్టాగే ఉన్నాయి.
పగిలితే నూనె రాస్తాను, అంతే.
ఇన్నేళ్ళు బస్సు కుదుపులకి అడ్డం నిలబడ్డ గోడ.

నిన్న కొత్త కండక్టరు చెంచులక్ష్మి
కుంటుతూ దిగింది డిపోలో.
"అక్కా, కాలు చూడవా?"

కాలెందుకు.
బూటు ఇటియ్యి.
అవునూ, చిన్నప్పుడు నువ్వు నడిచింది
పొగాకు చేలోనా, మిరప చేలోనా?