నాలుగు దినాలు

రెసిడెన్సీ రోడ్డు హోటల్లో, ఎనిమిదో అంతస్తులో
గ్లాసుని కాడ దగ్గర పట్టుకుని తిప్పడం నేర్పుతుంటాను.
తిప్పండి, వాసన చూడండి, తొందరేం లేదు.
గాజు లోపల జారే చారల్ని చూపించి
వీటిని కన్నీళ్లంటారని చెబుతాను.
ఎవరో ఒకరు తప్పకుండా నవ్వుతారు.

"ఏ ఊరి ద్రాక్ష?" అంటుంది ముత్యాల కమ్మలావిడ.
నంది కొండ కింద, దొడ్డబళ్లాపురం దాటాక.
"ఓ, ఎయిర్‌పోర్టు వైపా!"
అవును, ఆ వైపే.
విమానం చక్రాలు దించుకుంటూ పోతుంటే
తలెత్తకుండా తీగలు కత్తిరించే మనుషులుంటారక్కడ.
అది మాత్రం చెప్పను.

ఆ యేడు నేను ల్యాబు పిల్లని.
నంద్యాల నుంచి వచ్చి, యలహంకలో ఐదుగురితో ఒక గది,
చేతిలో జానెడు మీటరు.
పండు పిండి, చుక్క వేసి, ఎండకెత్తి చూస్తే
నీలమూ తెలుపూ కలిసే గీత దగ్గర
తీపి ఒక అంకె అయ్యేది.
ఇరవై మూడు.
కోయొచ్చు, అని పుస్తకంలో రాసి కింద గీత గీశాను.

గంగులప్ప ఒక పండు నోట్లో వేసుకున్నాడు.
తొక్క ఒక బుగ్గన, గింజ ఒక బుగ్గన.
గింజని ముందుపళ్లతో టక్కున కొరికి
అరచేతిలోకి ఊసి చూపించాడు.
లోపలింకా పచ్చన.
"తీపు వచ్చేసిందమ్మా, బుద్ధి రాలేదు ఇంగా.
నాలుగు దినాలు ఆగు."

మేనేజరుతో కన్నడం, నాతో తెలుగు.
షిరాజ్ తీగని అతను సిరాజమ్మ అనేవాడు.
"యాడ పిల్లో ఏమో, మన బోరు నీళ్లకి పడింది" అని
మొదట్లో మట్టి ఎగదోసేవాడు, కోడలికి చాప వాల్చినట్టు.
ఇరవై ఏళ్లుగా ఆ పండు నమిలిన నోరు
దాని రసం ఒక్క చుక్కా ఎరగదు.
తండ్రిని సారాయి తిన్నాక
ధర్మస్థలంలో మంజునాథుడి ముందు ఒట్టేసి వచ్చాడు.

నా అంకె కొట్టేసి
ఆగుదాం, అని రాశాను.

మూడో రోజు సాయంత్రం మామిడి వాన.
వాన కాదు, వడగళ్లు; వలల మీద పిట్టలు పడ్డట్టు చప్పుడు.
రాత్రంతా తలలకి లైట్లు కట్టుకుని కోశాం.
గుత్తులు ఉబ్బిపోయి, తొక్కలు పగిలి,
క్రేటు ఎత్తితే మోచేతుల దాకా నీళ్లు.
పిల్లమ్మ ఎండు కొమ్మలు పోగేసి మంట వేసింది
కొంకర్లు పోయిన వేళ్ల కోసం.
తెల్లారి మీటరు పద్దెనిమిది అంది.

"ఎవరు ఆగమన్నది?" అన్నాడు మేనేజరు.

పుస్తకం నా చేతిలోనే ఉంది.
దస్తూరీ నాదే.
గంగులప్ప, అన్నాను.

ఆ సీజను అతని కూలీలో ఎంత తెగిందో
నేను కనుక్కోలేదు. నాకు జీతం పెరిగింది.
మరుసటేడు ఆ వైపు వెళ్తే
తీగ చాటు నుంచి తనే పలకరించాడు.
"ఆ యేటి సరుకు ఎట్లుండాదమ్మా?"
పల్చగా ఉంది, అన్నాను.
"నీళ్లు తాగింది కదా, పాపం" అన్నాడు
సిరాజమ్మ గురించే.

ఆ పల్చదనాన్ని లేబులు మీద సుకుమారం అని వేశారు.
ముత్యాల కమ్మలావిడ కళ్లు మూసుకుని
"పొగ... ఎక్కడో కాస్త పొగ" అంటోంది.
అవునండీ, మీ ముక్కు గొప్పది, అంటాను.

గ్లాసులో గింజ ఉండదు
కొరికి చూసుకోడానికి.

ఇంకొంచెం పోయమంటుంది.
పోస్తాను.