వీపు లేని పీట

షాపులో అర మీద ఆరు రకాలున్నాయి.
అట్టపెట్టెల మీద పిల్లలందరూ ఒకేలా నవ్వుతున్నారు,
ఎవరి మెడకీ పట్టీ ఒరుసుకోవడం లేదు.

హెల్మికి ఎనిమిదేళ్లు.
"వీపున్నది వద్దు నాన్నా, అది పాపాయిలది" అంది
మంచు బూట్లతో నేలని తన్నుతూ.
నేను ధర చూశాను. తర్వాత రంగు.
నిజం చెప్పాలంటే చూసింది ఆ రెండే.
ఎందుకైనా మంచిదని మూడు తీసుకున్నాను,
రెండు వెనక్కిచ్చే షరతు మీద.

శనివారం థండర్ బే ఫైర్ స్టేషన్ ముందు
బెర్నడెట్ అనే ఆవిడ ఊరికే చూసిపెడుతుంది.
ముప్ఫయ్యేళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి.
నా పికప్ తలుపు తీసి
సీటుని కాదు, పిల్లని చూసింది.
"కూర్చో తల్లీ. అలా కాదు,
రోజూ ఎలా కూర్చుంటావో అలా."

హెల్మి జారగిలబడింది.
నడుం పట్టీ పొట్ట మీదకి ఎగబాకింది.
"పొట్టలో ఎముక లేదయ్యా" అంది నాతో,
"కుదుపొస్తే ఆపాల్సింది ఎముక, పేగులు కాదు."
తన కోటు మీదే, తుంటి కిందుగా,
తొడల మొదట్లో వేలితో గీత గీసి చూపించింది.
పై పట్టీ పిల్ల మెడని కోస్తోంది.
"ఇలా ఉంటే దారిలో చంక కిందకి తోసేస్తావు కదూ?"
హెల్మి కాదనబోయి, నా వైపు చూసి, ఊరుకుంది.

ఊదారంగుది, ఖరీదైనది, అలా పోయింది.
రెండోదాని చేతులు బకిల్‌ని మింగేశాయి.
పిల్ల సంగతి సరే,
నాకే గోరు విరిగింది.
మూడోది బూడిదరంగు.
రొట్టె కోసుకునే పలకలా ఉంది.
అన్నిటికన్నా చౌక.
దాని మీద మోకాళ్లు సరిగ్గా అంచు దగ్గర వంగాయి,
కింది పట్టీ ఎముక దగ్గర ఆగింది,
పైది మెడకీ భుజం చివరకీ నడిమధ్య
ఏటవాలుగా, ఒదిగి పడుకుంది.

"దీనికి వీపు లేదు, తలకి మీ బండే దిక్కు.
ఆ హెడ్‌రెస్ట్ చెవులు దాటి పైకి రావాలి."
ఇరవయ్యేళ్లుగా ఎవరూ ఎత్తలేదు దాన్ని.
పిడికిలితో నాలుగు గుద్దితే
మూలుగుతూ లేచింది.

అంతా అయ్యాక, కాగితం మీద సంతకం పెడుతూ అడిగింది:
"దూరం వెళ్తే నిద్రపోతుందా?"

శుక్రవారాలు రెండు గంటలు, సరస్సు అంచునే,
కోరిన్ తన కారుతో ఎదురొచ్చే పెట్రోలు బంకు దాకా.
నిద్రపోతుంది. పక్కకి వాలిపోతుంది.
"అయితే వీపున్నది కొనండి.
లేదా మేలుకునేలా చూడండి.
పట్టీ కుదరాల్సింది ఈ పార్కింగ్‌లో కాదు,
దారి పొడుగునా."

హెల్మి నా చెయ్యి పట్టుకుంది.
"నేను పడుకోను. నువ్వు మాట్లాడు."

మిల్లులో ఒక షిఫ్టుకి ఇరవై మాటలు నావి.
అందులో సగం "జాగ్రత్త".
ఏం మాట్లాడను?
మొదటి శుక్రవారం లారీల చక్రాలు లెక్కపెట్టాం.
రెండోసారి, మా తాత ఆవిరి గదికి తనే నిప్పంటించుకుని
గడ్డం కాలిన చోట తారు రాసుకున్న కథ.
మూడోసారి తనే అడిగింది,
అమ్మా నువ్వూ ఎక్కడ కలిశారని.
నిపిగాన్ వంతెన దాటేదాకా
చెప్పాలా వద్దా అని చూసి,
చెప్పాను.
అద్దంలో చూస్తే నిటారుగా కూర్చుంది,
రెండు పట్టీలూ వాటి చోట వాటివి.

బంకు దగ్గర కోరిన్ అడిగింది,
"ఏంటీ, దీని నోరు మూతపడట్లేదు?"
తన కారులో వేరే పీట.
ఇది అక్కడ కుదరలేదట,
తనూ ఎవరికో చూపించిందట.
అది చెప్పడానికి పది నిమిషాలు నిలబడ్డాం ఇద్దరం,
చలిలో, ఇంజన్లు ఆపకుండా.

తిరిగి వస్తూ పీట వెనక ఖాళీగా ఉంది.
మనిషి లేకపోయినా పట్టీ పెట్టాలంది బెర్నడెట్,
బ్రేకేస్తే అదే ఎగిరొచ్చి తగులుతుందని.
బండి ఆపి, దిగి, పెట్టాను.
పీట మీద బిస్కెట్ పొడి, ఒక చేతి తొడుగు.
తొడుగుని జేబులో వేసుకున్నాను.
పొడి అలాగే వదిలేశాను.