తరుగు

నెల్లూరు కోర్టు అరుగు మీద
నా చాప, నా సిరాబుడ్డి, నా రెండణాల వెల.
అర్జీ ఎవరిదైనా అక్షరం నాది.

ఇసకపల్లి ఉప్పు కొఠారులో తూనికదారు చెంచురామయ్య
కార్తీకం చివర
రెండు రాత్రుల వాంతిభేదితో పోయినాడు.
దినవారాలయినాక ట్రంకుపెట్టె అడుగున
ఆదెమ్మకు ఒక దళసరి కాగితం దొరికింది.
ఎర్ర లక్క, కంపెనీ ముద్ర,
మనిషి పోతే వెయ్యి రూపాయలిస్తామన్న మాట.
ఊళ్లో ఇంగిలీషు అక్షరాలు తెలిసిన వాళ్లిద్దరు.
ఇద్దరూ చదివి చెరొక విధంగా చెప్పినారు.
అల్లూరు దాకా నడిచి, అక్కణ్ణించి వడ్లబండెక్కి
నా చాప ముందు కూలబడింది.

రాసి పంపినాను. మూడు నెలలకు
చెన్నపట్నం నుంచి జవాబు:
"మృతుని వయసు నలభై అని వ్రాయించిరి.
నలభయ్యారని మాకు రూఢిగా తెలిసినది.
కావున పైకము ఇవ్వ వీలులేదు."
ఎట్లా తెలిసిందంటారా,
దాయాది ఒకడు ఐదు రూపాయలకు
జాతకం తాటాకు అమ్ముకున్నాడు.

దావా పడింది.
కంపెనీ వకీలు కాలవ పడవలో మూడు రోజులొచ్చినాడు,
దోమలు కుట్టిన మొహంతో, దోమల మీది కోపమంతా
సాక్షుల మీద చూపిస్తా.
చెంచురామయ్య తల్లి ఓబులమ్మను బోనెక్కించినారు.
"నీ కొడుకు పుట్టిందెప్పుడు?"
"ఉప్పెనొచ్చిన యేడు."
"ఏ ఉప్పెన?"
"మా గొడ్లు కొట్టకపోయిన ఉప్పెన."
"అది ఏ సంవత్సరం?"
ముసలమ్మ కాసేపు ఆయన్నే చూసింది.
"గొడ్లు పోయినోళ్లు సంవత్సరం చూసుకుంటారా నాయినా?"
జడ్జీ దొరకు దుబాసీ ఆ మాట చెప్పలేదు.
"జ్ఞాపకం లేదంటోంది" అన్నాడు.

నేను అరుగు మీదే ఉన్నాను, కిటికీ పక్కన.
కొఠారులో ఉప్పుకు తరుగుంటుంది.
వానకు కరిగిందని, గాలికి చెమ్మగిల్లిందని
నూటికింత అని సర్కారే లెక్కలో కొట్టేస్తుంది.
పదిహేడేళ్లు ఆ తరుగు రాసిన చెయ్యి చెంచురామయ్యది.
మనిషికి ఆరేళ్ల తరుగు
ఎవరూ ఒప్పుకోలేదు.

ఇప్పుడు చెప్పాల్సింది చెప్తాను.
పదిహేడేళ్ల కిందట ఇదే అరుగు, వేరే చాప.
ఇరవై తొమ్మిదేళ్ల మనిషి
చెప్పులు చేత పట్టుకుని నిలబడ్డాడు.
ఉప్పు డిపార్టుమెంటులో పని, ఇరవై ఐదు దాటితే తీసుకోరు.
"ఎంతని రాయమంటావు?" అన్నాను.
"తమరి ఇష్టం" అన్నాడు.
ఇరవై మూడని రాసినాను.
రెండు చాలకపోయినా సరిపోనీ అని ఇంకొంచెం తగ్గించినాను,
బేరంలో కొసరేసినట్టు.
అప్పటి అర్జీ వెల అణా.
ఆ అంకె రిజిస్టరు కెక్కింది, రిజిస్టరు నుంచి
కంపెనీ కాగితానికి నడిచిపోయింది.
అబద్ధం అతను ఒక్కసారి కూడా ఆడలేదు.
అడిగిన ప్రతిసారీ నా రాత చూపించినాడు.

నన్నెవరూ బోనులోకి పిలవలేదు.
పిలిస్తే ఏం చెప్పేవాణ్ణో
ఈ రోజుకీ తేలలేదు నాకు.

తీర్పు: వెయ్యి లేదు. కట్టిన కిస్తీలు వెనక్కి,
సరిగ్గా నూట ఎనిమిది రూపాయలు, అష్టోత్తరం లాగా.
వకీలు ఫీజు నలభై.
మిగిలింది ఆదెమ్మ ముగ్గురు పిలకాయల ముందు
లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి మూట గట్టింది.

నా రెండణాలు తీసుకోనన్నాను.
ఎందుకని అడగలేదామె.
కొంగు ముడి విప్పి
గుప్పెడు ఉప్పు నా చాప మీద పోసింది,
సర్కారు ముద్ర పడని ఉప్పు,
దొరికితే ఇద్దరికీ జైలు.

ఆ రాత్రి అన్నంలో వేసుకున్నాను.
ఎక్కువైంది.
పారబోయలేదు.