పడుకోబెట్టిన వాల్వు

మణలిలో పొద్దున ఆరింటికే
గాలి ఇనుముని నాకడం మొదలుపెడుతుంది.
ఎన్నూరు ఉప్పు, ఎరువుల ఘాటు,
హెల్మెట్ కింద ఇంకా ఆరని నా జుట్టు.

డ్రాయింగులో ఆ గేటు వాల్వు నిటారుగా ఉంది.
కాడ పైకి, చక్రం చేతికి అందేలా.
దాని నెత్తిన సేఫ్టీ వాల్వు.
గీసింది నేనే. ముచ్చటపడి గీశాను.

మునిరత్నం మేస్త్రి కాగితం చూళ్ళేదు, పైపుని చూశాడు.
"పక్కకి తిప్పి పెడదాం మా."
"నడిచే దారికి అడ్డం కదా?"
"మనిషి తప్పుకుంటాడు. గ్యాసు తప్పుకోదు."

మెడలో ట్యాగు తీసి
ఐడీ కార్డుని గాల్లో వేలాడదీసి
వదిలేశాడు.
గ్రేటింగు మీద టప్‌మంది.

"లోపల బిళ్ళ కూడా ఇంతే.
కాడ తెగిందా, తన బరువుకి తనే జారి
దారి మూసేస్తుంది.
బయట చక్రం మటుకు తెరిచే ఉన్నానంటుంది.
గొలుసు, తాళం, ఎర్ర సీలు
అన్నీ వచ్చి దొంగసాక్ష్యం చెబుతాయి.
నిలబడింది పడుతుంది.
పడుకున్నది ఎక్కడ పడుతుంది మా?"

నాకు ఒళ్ళు మండింది.
అయినా దిద్దాను.
మార్పుకి కారణం అన్న గడిలో
మేస్త్రి అన్నాడని రాయలేక
ఓ గీత పెట్టాను.

నాలుగేళ్ళకి, షట్‌డౌన్‌లో, బోల్టులు ఊడదీశాం.
మేస్త్రి అప్పటికి రిటైరయ్యాడు,
తిరువొత్తియూరులో మనవరాలిని స్కూలు ఆటో ఎక్కిస్తుంటాడట.
టార్చి వేశాను.
కాడ రెండు ముక్కలు.
విరిగినచోట తుప్పు, కొత్తది కాదు.
బిళ్ళ పక్క గూట్లో ఒరిగి ఉంది,
దారి వదిలి,
మధ్యాహ్నం కునుకు తీసే మనిషిలా.

ఎప్పుడు తెగిందో ఎవరూ చెప్పలేకపోయారు.

పోయిన మే నెలలో ఓ రాత్రి కరెంటు పోయి
పంపులు ఆగి
సేఫ్టీ వాల్వు ఒక్కసారి గొంతెత్తింది.
ఫ్లేర్ మంట లేచి
మణలి గోడలన్నీ నారింజరంగయ్యాయి.
కుక్కలు, చంటిపిల్లలు, ఫోన్లు.
షిఫ్టులో నేను చెవులు మూసుకుని
ఇప్పుడే అరవాలా అని
దాన్ని తిట్టాను.

ఆ అరుపు వచ్చిన దారిలోకే
ఇప్పుడు టార్చి వేసి చూస్తున్నాను.

కొత్త కాడ వేయించాను.
వచ్చిన కుర్ర ఫిట్టరు అడిగాడు,
"మేడమ్, నిటారుగా తిప్పేస్తే దారి ఖాళీ అవుతుంది కదా?"
మెడలో ట్యాగు తీశాను.

దిగొస్తుంటే
చక్రం మోకాలికి కొట్టుకుంది.
రుద్దుకుంటూ అక్కడే కాసేపు నిలబడ్డాను.