తోకబరువు

రేకు మీద చెక్కి ఉంది: మూడువందల యాభై పౌండ్లు,
అంతకు మించితే పూచీ మాది కాదు.
కుర్చీ రెండువందల తొంభై.
దాన్ని మోసే ఇనుపపళ్ళెం నూటపది.
కరెంటు బిల్లు వెనక కూడి
తమ్ముడికి చూపించాను.
వైనో ఒక్కసారి చూసి
"బ్యాటరీలు పీకి నా ఒళ్ళో పెట్టక్కా,
రెండూ కలిపి యాభై, లెక్క సరి" అన్నాడు.
తొడలు నొప్పెట్టవూ అనబోయి
నాలుక కరుచుకున్నాను.
వాడే నవ్వాడు:
"వాటికి తెలిస్తేగా!"

మార్చి నెల చివర. ఇష్‌పెమింగ్‌లో ఇంకా మోకాలిలోతు మంచు.
చెక్కపలక మీద జార్చి వాణ్ణి ముందు సీట్లోకి చేర్చాను.
ఖాళీ కుర్చీ పక్కన నడుస్తూ
జాయ్‌స్టిక్‌ని రెండు వేళ్ళతో నెడుతూ
మొండి గేదెను పడవెక్కించినట్టు
పళ్ళెం మీదికి ఎక్కించాను.
మొదటిసారి నేను నడిపినప్పుడు
అది తపాలా డబ్బాను గుద్దేసింది.
డబ్బా ఇప్పటికీ వంగే ఉంది,
ఉత్తరాలు మాత్రం వస్తూనే ఉన్నాయి.

నాలుగు కొక్కేలకు నాలుగు పట్టీలు.
ఐదోది నా భయానికి.
జాయ్‌స్టిక్‌కి రొట్టె సంచి తొడిగి రబ్బరు బ్యాండు.
మొత్తం మీద చేపల బొమ్మల స్నానాలగది పరదా.
కారు వెనక కుంగింది,
ముందు లైట్లు రోడ్డు వదిలేసి
స్ప్రూస్ చెట్ల కొసల్లో ఎవర్నో వెతికాయి.

సెనీ దగ్గర ఇరవై ఐదు మైళ్ళు
గీటుకర్ర పెట్టి గీసినట్టుంటుంది రోడ్డు.
అద్దంలో రోడ్డు లేదు. చేపలున్నాయి.
కుర్చీ ముందుకీ చూడదు, వెనక్కీ చూడదు,
బస్సు కిటికీ దగ్గర ముసలమ్మలా
పక్కకి తిరిగి కూర్చుని
గడ్డకట్టిన చిత్తడినేలలన్నీ చూస్తూ వస్తోంది.
ప్రతి గతుక్కీ నా వెన్నులో ఒక కొక్కెం కదులుతుంది.

నీలం దీపాలు.
నంబరు ప్లేటు కనబడటం లేదట.
కుర్రాడు. చొక్కా మీద హాల్వర్సన్ అని ఉంది.
లైటు లోపలికి వేసి
"ఒళ్ళో అవేంటి?" అన్నాడు.
"నా కాళ్ళు" అన్నాడు వైనో,
"సామాను బరువైతే విడిగా సర్దుకుంటాం."
కుర్రాడు నవ్వలేదు.
వెనక్కి వెళ్ళి, ఉప్పుబురదలో మోకాలు ఆనించి
ఒక్కో పట్టీ లాగి చూశాడు.
మూడోది వదులైంది. బిగించాడు.
"ప్లేటు కుర్చీకే కట్టేయండి" అని
ఒక మోకాలు తడిగా, ఒకటి పొడిగా వెళ్ళిపోయాడు.

సూ లాకుల దగ్గర
మొద్దుబారిన వేళ్ళతో ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు.
రెండు నిమిషాలు కుర్చీ మాట్లాడలేదు.
నేను దాన్ని మా అమ్మ ఫిన్నిష్‌లో తిట్టాను.
అప్పుడు కీచుమంది.

ఈ ఏటి తొలి ఓడ వచ్చింది, ఆగ్నెస్ టోలివర్,
ఇరవై రెండేళ్ళు వైనో తాళ్ళు విసిరిన ఓడ.
గేట్లు మూసుకున్నాయి.
పంపులుండవు ఇక్కడ,
పై సరస్సు నీరు దానంతటది దిగి వస్తుంది,
వెయ్యి అడుగుల ఇనుమును
గోడ అంచు దాకా ఎత్తుతుంది,
అడుగు అడుగుగా, చప్పుడు లేకుండా.
"చూశావా," అన్నాడు, "ఒక్క పట్టీ లేదు."
పైనెవడో కొత్త కుర్రాడు తాడు విసిరాడు.
కంచె ఇవతల
మా వాడి మణికట్టు తిరిగింది.
తాడు కొంచెం ముందే వదిలేశాడని
సాయంత్రం దాకా గొణిగాడు.

తిరుగు దారి. చీకటి.
ఒళ్ళో బ్యాటరీలు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయన్నాడు,
తొడలతో కాదు, అరచేతులతో.
సెనీ దగ్గర గాలికి ఒక పట్టీ మోగడం మొదలుపెట్టింది,
తుమ్మెద సీసాలో పడ్డట్టు.
"ఒక్క మెలి తిప్పితే ఆగుతుంది అది" అన్నాడు
కళ్ళు మూసుకునే.
కారు పక్కకి తీశాను. తలుపు తెరిచాను.
"ఉండనీ అక్కా," అన్నాడు,
"అది మోగుతున్నంతసేపూ
కుర్చీ వెనకే ఉందని తెలుస్తుంది."